మూడు కంచెల లోతు

నా కొండ నిండా గడులే.
పది మీటర్లకొకటి చొప్పున నాలుగు లక్షలు.
ప్రతి గడికీ ఓ ఎత్తు, కాస్త మన్ను,
ఎనిమిది మంది ఇరుగుపొరుగు.
వాన కురిపిస్తే నీళ్లు
అందరికన్నా కింద ఉన్నవాడి ఇంటికి పోతాయి.
నీరు పల్లమెరుగు.
సామెతలో ఆ మొదటి సగమే నా కోడ్.

న్యూజిలాండ్ తూర్పు కొసన, గిస్‌బోర్న్ దాటి,
మట్టిరోడ్డు ఇక నా వల్ల కాదని ఆగిపోయే చోట
పరైరే గొర్రెల బీడు.
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తెగిన చెవి కుక్క.
ట్రక్కు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచి
ఇదే మీ కొండ, అన్నాను.
కుక్క కూడా వచ్చి చూసింది.

"మా అమ్మ ఈల్ చేపలు పట్టిన వాగేదీ?"

వాగు వెడల్పు మూడు మీటర్లట.
గడికన్నా చిన్నవేవీ నా లోకంలో ఉండవు.
ఆ మాట చెప్పలేక
తెర మీద బాణాన్ని అటూ ఇటూ తిప్పాను.

అతను పార తెచ్చాడు.
ఏటిగట్టున కంచె మోకాలెత్తు కూడా లేదు.
తవ్వితే దాని కింద ఇంకో కంచె,
తండ్రి పాతింది, తీగ ఇంకా బిగుతుగానే ఉంది.
దాని కింద టోటరా కర్ర,
తాత గొడ్డలి నోట్లు అలాగే ఉన్నాయి.
ఏరు పొంగి మేట వేసినప్పుడల్లా
పాతదాని నెత్తిన కొత్తది పాతారు, అంతే,
ఎవరూ ఏరుతో వాదించలేదు.
టేపు పట్టాను. రెండు మీటర్ల నలభై.
రాసుకున్నాను.
గుంటలోంచి వచ్చిన వాసనని ఎక్కడ రాయాలో తెలీలేదు.

మన్ను ఎంత సులువుగా కరుగుతుందో చెప్పే అంకె ఒకటుంది,
కూరలో ఉప్పులాంటిది.
వారం రోజులు దాన్ని వేసీ తీసీ, వేసీ తీసీ,
నూట పదకొండో సారికి
నా ఏరు సరిగ్గా మూడు కంచెల లోతు మేట వేసింది.
నూట ముప్పై ఏళ్లు, నలభై నిమిషాల్లో.

అప్పుడర్థమైంది,
ఈ కొండ ఇవాళ్టి వానకి జారడం లేదు.
వాన ఒట్టి సాకు.
తాతల నాడు అడవి కొట్టి, కాల్చి, గడ్డి చల్లిన
ఆ గొడ్డలికి ఇప్పుడు బదులిస్తోంది.
మొద్దుల వేళ్లు కుళ్లడానికి కొన్నేళ్లు,
వాలు తెగి గండి పడటానికి ఇంకొన్ని,
ఆ మన్ను మెట్టుమెట్టుగా ఏరు దిగడానికి ఒక జీవితం.
మళ్లీ చెట్లు నాటామని
మొదలుపెట్టిన మాట మధ్యలో మింగదు కొండ.

రాబోయే నూరేళ్లని మూడు రంగుల్లో అచ్చేసి తీసుకెళ్లాను.
పరైరే వాటిని చూడలేదు.
"నరకకుండా ఉండుంటే?"

ఒక్క వరుస మారిస్తే చాలు.
అన్ని గడుల్లోనూ అడవి పెట్టి నొక్కాను.
ట్రక్కులో కూర్చుని రొట్టె తిన్నాం.
తెర మీద ఏమీ జరగలేదు,
నలభై నిమిషాలు ఏమీ జరగలేదు.
అతను రెప్ప వేయకుండా చూశాడు.
చివర్లో లోయ అడుగున సన్నటి నీలి గీత.
"అదిగో," అన్నాడు.
ఒక గడి వెడల్పు గీత అది,
లెక్కల్లో ఎక్కడో మిగిలిన చిల్లర.
నేను నోరు విప్పలేదు.

మూత తనే వేశాడు.
ట్రక్కు వెనక అరవై పాప్లర్ కర్రలు,
రాత్రంతా నీళ్లలో నానినవి.
"వీటికెప్పుడు బదులిస్తుంది?"
డెబ్బై ఏళ్లు, అటూ ఇటూ ముప్పై, అన్నాను.
నిజం దేవుడెరుగు అనడానికి
మా వృత్తిలో వాడే మాట అది.
గట్టిగా నవ్వాడు.
"ఇటు ముప్పై అయితే మా కహురంగి చూస్తుంది.
అది నిన్ననే నడక మొదలుపెట్టింది."

గడపారతో అతను పొడిచాడు, నేను కర్ర పట్టుకున్నాను.
ఏ చెట్టు ఏ గడిలోదో గుర్తుపెట్టుకుందామనుకున్నా,
పదమూడో కర్ర దగ్గర జీపీఎస్ బ్యాటరీ అయిపోయింది.
కొలతల్లేకుండా మిగతావి నాటాం.
కాళ్ల కింద వాలు మెత్తగా ఉంది,
కాస్త కదిలినట్టే ఉంది.